‘నలుగురేమనుకుంటారో’ అనే ఖర్చును తగ్గించుకోవడం ఎలా?

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని చెవి ఒగ్గి వింటాం. ఆదాయం 5, వ్యయం 11 అనగానే మొహం చిన్నబోతుంది. మరి "పోయిన నెల మీ ఇంట్లో ఎంత ఖర్చయింది?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. పదేళ్ల కిందట నా దగ్గరా లేదు. జీతం వచ్చేది, ఇరవయ్యో తారీఖు దాటేసరికి అయిపోయేది, ఎటు పోయిందో తెలిసేది కాదు.

మాది విజయవాడ. నాదీ మా ఆయనదీ ప్రైవేటు ఉద్యోగాలే. ఒక్కతే అమ్మాయి, అద్దె ఇల్లు. పొదుపు అంటే కడుపు మాడ్చుకోవడమని అప్పట్లో అనుకునేదాన్ని. ఒక నెల లెక్క రాసి చూసుకున్నాక అర్థమైంది, మా తిండీ బట్టా మమ్మల్ని ముంచడం లేదు. ఎవరో ఏదో అనుకుంటారని పెట్టే ఖర్చు ముంచుతోంది. అందుకని ఇక్కడ చెప్పే పద్ధతంతా ఆ ఖర్చును పట్టుకోవడంతోనే మొదలవుతుంది. మిగతావన్నీ దాని తర్వాత వాటంతట అవే సులువవుతాయి.

ముందు నెల రోజులు రాయండి

ఇరవై రూపాయల నోటుపుస్తకం ఒకటి కొనండి. ఫోన్లో యాప్ వాడినా తప్పు లేదు కానీ, చేత్తో రాస్తే మనసుకు పడుతుంది. దాన్ని వంటింట్లోనో, టీవీ పక్కనో, రోజూ చేయి తగిలేచోట పెట్టండి. పెన్ను దారంతో దానికే కట్టేయండి. పెన్ను దొరకకపోవడం వల్లే మా ఇంట్లో రెండుసార్లు రాయడం ఆగిపోయింది.

రోజూ పడుకునే ముందు ఆ రోజు ఖర్చంతా రాయాలి. పాలు, ఆటో, పిల్ల ప్రాజెక్టుకి చార్టులు, గుడిలో హారతి పళ్లెంలో వేసిన పది రూపాయలు, అన్నీ. మొదటి నెల దేన్నీ తగ్గించే ప్రయత్నం చేయకండి. తగ్గిస్తూ రాస్తే అసలు రూపం కనపడదు, పైగా వారానికే విసుగొస్తుంది. ఏది మర్చిపోయినా "గుర్తు లేదు" అని ఒక వరుసలో రాసేయండి. మొదటి నెల మా పుస్తకంలో ఆ "గుర్తు లేదు" కిందే మూడు వేలకు పైగా తేలింది.

నెలాఖరున ఎర్ర పెన్ను తీసుకుని ఒక్కో ఖర్చు పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి. అవసరమైతే "అ". మనకు నిజంగా ఇష్టమై పెట్టుకున్నదైతే "ఇ". ఎవరైనా చూస్తారని, అడుగుతారని, చిన్నచూపు చూస్తారని పెట్టిందైతే "న", అంటే నలుగురి కోసం.

ఇక్కడ నిజాయితీ కావాలి. ఒకే వస్తువు ఒకరికి "ఇ", ఇంకొకరికి "న" అవుతుంది. నాకు చీరలంటే పెద్ద పిచ్చి లేదు. అయినా ఆ నెల 4,200 పెట్టి ఒక చీర కొన్నాను. ఎందుకంటే, ఉన్న పట్టుచీర అంతకుముందు పెళ్లిలో కట్టేశాను, ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లే ఈ పెళ్లికీ వస్తారు. అది "న". చీరంటే ప్రాణం పెట్టే మా తోడికోడలు అదే చీర కొనుక్కుంటే అది "ఇ", అందులో తప్పేమీ లేదు.

ఆ నెల మా "న" లెక్క ఇదీ: చీర 4,200, తెలిసినవాళ్ల గృహప్రవేశానికి వెండి కుంకుమ భరిణె 2,800, ఆఫీసులో ఒకరి బాబు పుట్టినరోజుకి 1,000, అందరూ ఇచ్చారు కదా అని మేమూ ఇచ్చిన హోటల్ పార్టీ 1,460. మొత్తం 9,460. మా ఇద్దరి జీతాలూ కలిపి అప్పటికి 46,000. అంటే అయిదో వంతు. ఆ అంకె కింద గీత గీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. దాంట్లో మా అమ్మాయికి గానీ, మా ఆయనకి గానీ, నాకు గానీ సంతోషం కలిగించింది ఒక్కటీ లేదు.

తెలియకుండా జారిపోయేవి

"న" జోలికి వెళ్లే ముందు ఒక చిన్న పని, గంటలో అయిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి, నెలనెలా దానంతటదే కట్ అయ్యేవన్నీ ఒక కాగితం మీద రాయండి. చూడని ఓటీటీలు, ఎప్పుడో పెట్టిన ఆటోపే, ఇద్దరు వాడుతున్న నాలుగు సిమ్ములు. పోయిన రెండు నెలల్లో వాడనివి ఆ రోజే ఆపేయండి.

అలాగే, పగలూ రాత్రీ తిరిగే ఫ్యాను పాతదైతే మార్చే ముందు లెక్క వేయండి. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చిల్లరతో సరిపెడుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్ల తేడా వస్తుంది. యూనిట్ 6 రూపాయలు పడే స్లాబులో ఉన్నవాళ్లకి నెలకు 120. రెండేళ్లకు కాస్త అటూ ఇటుగా ఫ్యాను ఖరీదు తిరిగొచ్చేస్తుంది. కానీ రోజుకు రెండు గంటలు వాడే గదిలో ఫ్యాను మార్చడం డబ్బు దండగ. పొదుపు పేరుతో వచ్చే కొత్త వస్తువుల్ని కూడా ఇలా లెక్క కట్టే కొనాలి.

వద్దని ఎలా చెప్పాలి

అసలు కష్టం ఇక్కడే. డబ్బు లెక్క ఎవరైనా వేయగలరు. ఇంటికొచ్చి కూర్చున్న పెద్దవాళ్ల ఎదురుగా "మేం చేయడం లేదండీ" అనడానికి గుండె కావాలి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనే మాట మనల్ని చిన్నప్పటి నుంచీ వెంటాడుతుంది.

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ సంగతి చెబుతాను. మా వైపు అది ఇప్పుడు చిన్నసైజు పెళ్లి. మేం ఉత్తినే ఒకసారి లెక్క కట్టించుకుని చూశాం. హాలుకి 60,000, మూడొందల యాభై మందికి భోజనం మనిషికి 450 చొప్పున 1,57,500, స్టేజీ డెకరేషన్ 45,000, ఫొటోలు వీడియో 40,000. బట్టలు, బంగారం, రిటర్న్ గిఫ్టులు కలపకుండానే మూడు లక్షల రెండు వేల అయిదొందలు. మా పెద్దమ్మ ఊరి నుంచి వచ్చింది, ఆ మాట మీదే వచ్చింది.

"ఏంటే, చేయట్లేదంటున్నారంట? ఇన్నాళ్లూ అందరిళ్లల్లో తినొచ్చాం, చదివింపులు చదివించొచ్చాం. మనింట్లో చేయకపోతే ఏం బాగుంటదే?"

"మేం ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నాం పెద్దమ్మా."

"డబ్బులకి ఇబ్బందైతే చెప్పు, మీ అన్నయ్య సర్దుతాడు. చదివింపుల్లో వచ్చేస్తయ్యిగా."

"ఇబ్బందేం లేదు పెద్దమ్మా. మేం ఇలాగే అనుకున్నాం. నువ్వు మాత్రం రెండు రోజుల ముందే రావాలి, పరమాన్నం నీ చేత్తోనే."

ఈ సంభాషణకు ముందు నేను మూడు తప్పులు చేసి నేర్చుకున్నాను. అవే మీకు చెబుతున్నాను.

"డబ్బుల్లేవు" అనకండి. అది అబద్ధం కావచ్చు, నిజమే అయినా దానికి అప్పు అనే జవాబు రెడీగా ఉంటుంది. రెండోది, కారణాలు చెప్పకండి. "పరీక్షలున్నాయి" అంటే పరీక్షలయ్యాక పెట్టుకుందామంటారు. "ఎండలు" అంటే ఏసీ హాలు చూస్తామంటారు. ఒక్కో కారణానికీ ఒక్కో జవాబు వస్తూనే ఉంటుంది. "మేం ఇలా అనుకున్నాం" అన్నదానికి మాత్రం జవాబు ఉండదు. అదే మాట, అదే మెల్లని గొంతుతో, మూడుసార్లు చెప్పండి. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: వాళ్లు చేసేదాన్ని తప్పుపట్టకండి. "ఈ ఆడంబరాలన్నీ దండగ" అని ఒక్క మాట అన్నామంటే, నాలుగు నెలల కిందట అలాంటి ఫంక్షన్ చేసిన వదిన మనసు నొచ్చుకుంటుంది. మన దారి మనం నడవడానికి ఇంకొకరి దారిని తిట్టక్కర్లేదు.

ముందుగా అమ్మాయిని అడిగాం. అదీ చేయవలసిన పనే, చాలా ఇళ్లల్లో ఎవరూ అడగరు. దానికి పన్నెండేళ్లు. "నా ఫొటో ఫ్లెక్సీ మీద వేసి వీధిలో పెట్టరు కదా?" అంది మొదటి మాటగా. ఆ ఒక్క మాటతో మా ఇద్దరికీ ఉన్న కాస్త గుంజాటన కూడా పోయింది. నా పెళ్లి పట్టుచీరను వీధి చివర టైలరు దగ్గర లంగా, జాకెట్టు కుట్టించాం. ఓణీ మాత్రం కొత్తది. అమ్మమ్మ, నాయనమ్మ, మేనమామలు, మేనత్తలు, దాని స్నేహితురాళ్లు నలుగురు, అందరూ కలిపి ఇరవై నాలుగు మంది. పులిహోర, గారెలు, పెద్దమ్మ చేసిన పరమాన్నం. ఆ చీర అంచు మీద ఉన్న మామిడి పిందెల వరుస చూసి మా అమ్మ, "ఇది నేను కొన్నదే" అని చేత్తో తడిమింది.

వెనకాల మాటలు రాలేదా అంటే వచ్చాయి. ఒక ఆర్నెల్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. మన గురించి నలుగురు అనుకునే టైము మనం భయపడినంత ఎక్కువేమీ ఉండదు, వాళ్లకీ వాళ్ల ఇళ్లల్లో బోలెడు పనులు.

మా ఊళ్లో ఇలాంటి దారి కొత్తదేమీ కాదు. సంఘ సంస్కర్త గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి 1947లో మా విజయవాడ పటమటకు మార్చారు. పూలమొక్కల బదులు కూరగాయలు పెంచాలని ఉద్యమమే నడిపారు. దేవుడి విషయంలో ఆయన దారి నాది కాదు. మాకు పూజలూ వ్రతాలూ ఉన్నాయి. కానీ నమ్మినదాన్ని ఇంట్లోంచే మొదలుపెట్టడం ఆయన దగ్గర నేర్చుకోదగ్గది. భక్తి ఉన్నవాళ్లకీ దారి ఉంది. తిరుమలలో పాపవినాశనం వెళ్లే దారిలో ఉన్న కల్యాణ వేదికలో దేవస్థానం వాళ్లు ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తారు. అన్నవరం కొండ మీద పెళ్లి చేసుకుని పదిమందికి భోజనం పెట్టిన జంటలు మన చుట్టాల్లోనే ఉంటారు, ఒకసారి గుర్తు చేసుకోండి. మీరు ఒంటరివాళ్లేం కాదు.

ఇక వేరేవాళ్ల శుభకార్యాల సంగతి. చదివింపులు తగ్గించుకోవాలంటే దానికి బదులు చేతిసాయం పెంచాలి. ముందురోజే వెళ్లి కూరలు తరగండి, బస్టాండులో దిగే ముసలివాళ్లని ఇంటికి చేర్చండి, వంటవాళ్ల లెక్క చూడండి. ఏడాది మొదట్లోనే "దగ్గరివాళ్లకి ఇంత, తెలిసినవాళ్లకి ఇంత" అని రెండు అంకెలు అనుకుని పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టుకుంటే, ప్రతిసారీ కవర్ మూసేముందు టెన్షన్ ఉండదు.

కొనేముందు మూడు ప్రశ్నలు

వెయ్యి రూపాయలు దాటిన వస్తువు ఏదైనా సరే, నచ్చిన రోజున కొనకండి. పుస్తకం చివరి పేజీలో తారీఖు వేసి పేరు రాయండి. ముప్పై రోజుల తర్వాత ఇంకా కావాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి. మా చివరి పేజీలో సగానికి పైగా పేర్లను మేమే కొట్టేసుకున్నాం. ఆషాఢం సేల్, దసరా ఆఫర్, అక్షయ తృతీయ బంగారం, వీటన్నిటికీ ఉన్న బలం తొందరపెట్టడమే. ముప్పై రోజుల నియమం ముందు ఆ బలం నిలవదు.

తర్వాత, దాని ఖరీదును మీ పనిదినాల్లోకి మార్చండి. నెలకు చేతికి 26,000 వస్తూ 26 రోజులు పనిచేస్తుంటే రోజు విలువ వెయ్యి. 25,000 ఫోనంటే ఇరవై అయిదు రోజులు పొద్దున్నే బస్సెక్కి వెళ్లి రావడం. అంత కష్టానికి అది తగుతుందనిపిస్తే సంతోషంగా కొనుక్కోండి.

మూడోది, ఎవరూ చూడకపోయినా ఇది కొంటానా? ఫోన్, బండి, కారు విషయంలో ఈ ప్రశ్న బాగా పనిచేస్తుంది. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారని మనవాళ్లందరూ గొప్పగా చెప్పుకుంటారు. అదే మన పిల్లాడు కాలేజీకి సిటీ బస్సులో వెళ్తుంటే మాత్రం, "బండి కొనివ్వలేదా?" అని ఎవరైనా అడుగుతారేమోనని తల దించుకుంటాం. కారు కావలసిన ఇళ్లు ఉంటాయి, కాదనను. కానీ ఈఎంఐ, ఇన్సూరెన్సు, సర్వీసింగు, పెట్రోలు అన్నీ కలిపి, నెలలో ఎన్ని రోజులు తీస్తారో దాంతో భాగించి చూశాకే నిర్ణయించుకోండి. మాకు ఆటోనే చవకని తేలింది.

వంటిల్లు, రిపేర్లు

తిండి తగ్గించి పొదుపు చేయకండి. కొనే కాలం మార్చండి, చాలు. సంక్రాంతి దాటాక కొత్త కందిపప్పు వస్తుంది. ఎండాకాలం మొదట్లో చింతపండు, మిరపకాయలు వస్తాయి. అప్పుడే ఏడాదికి సరిపడా తీసుకోండి. చింతపండు గింజలూ పీచూ తీసి, ఎండబెట్టి, కాస్త ఉప్పు చల్లి జాడీలో అదిమిపెడితే చెడదు. కందిపప్పుకు కొంచెం ఆముదం పట్టించి ఎండనిస్తే పురుగు పట్టదు. మా అత్తగారు నేర్పిన పని ఇది, పదేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. కూరగాయలకి రైతు బజారు ఉంది. 1999లో మన దగ్గర మొదలైనవే ఇవి. ముందు ధరల బోర్డు చూసి ఆ రోజు ఏది చవకో దాన్ని బట్టి వంట అనుకోండి. ఏం వండాలో ఇంట్లోనే అనుకుని వెళ్తే ఎక్కువ పెట్టాల్సి వస్తుంది.

రిపేరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ అలవాటు మనకళ్లముందే పోతోంది. 2009లో కొన్న మా మిక్సీ ఒకరోజు గుర్రుమంటూ శబ్దం చేస్తోంది, జార్‌లో బ్లేడు మాత్రం తిరగట్లేదు. ఒక షాపులో చూపిస్తే మూత కూడా విప్పకుండా, "మోటారు పోయిందండీ, పాతదిచ్చి కొత్తది తీసుకోండి" అన్నారు. ఇంటికి తెచ్చి, మర్నాడు సందు చివర చిన్న బంకులో రిపేర్లు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన జార్ తీసి, మోటారు పైనుండే రబ్బరు కప్లరును వేలితో చూపించాడు. దాని పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. మిక్సీని తిరగేసి, అడుగున ఇరుసును స్క్రూడ్రైవరుతో కదలకుండా పట్టుకుని, కప్లరును తిప్పి ఊడదీశాడు. "ఇది ఎదురు మర, అందరూ తిప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుందమ్మా" అన్నాడు. కొత్తది వేసి, కార్బన్ బ్రష్షులు కూడా తీసి చూపించి, "ఇవి ఇంకో ఏడాది వస్తాయి, అప్పుడు తీసుకురండి" అన్నాడు. పావుగంట పని, వంద రూపాయలు కూడా కాలేదు. ఆ మిక్సీలో ఇవాళ పొద్దున్నే ఇడ్లీ పచ్చడి రుబ్బాను.

కాబట్టి ఏది పాడైనా కొత్తది కొనే ముందు ఇద్దరికి చూపించండి. ఒకరు కొత్తది అమ్మేవాడైతే, రెండోవాడు రిపేరు మాత్రమే చేసేవాడు అయ్యుండాలి. మీ పేటలో మిక్సీ, కుక్కరు, చెప్పులు, గొడుగు, కుట్టుపని చేసేవాళ్ల నంబర్లు పుస్తకం అట్ట లోపల రాసుకోండి. ఒక్క జాగ్రత్త: కుక్కరు గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్ విషయంలో చవకబారువి వద్దు, ఆ కంపెనీవే వేయించండి.

మందుల దగ్గరా ఇలాగే. మా నాన్నగారికి రోజూ వేసుకునే బీపీ మాత్రల్ని డాక్టరుగారిని అడిగి, జనరిక్ మందులు చవకగా అమ్మే జన ఔషధి దుకాణంలో తీసుకోవడం మొదలుపెట్టాం. చీటీ మీద బ్రాండు పేరు కాకుండా మందు పేరు రాయమని అడగడానికి మొహమాటపడకండి.

వడ్డీ లెక్క నేర్చుకోండి

"రెండు రూపాయల వడ్డీయే కదా" అని తేలిగ్గా అనేస్తాం. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్ష తెచ్చుకుంటే నెలకు రెండు వేలు, ఏడాదికి 24,000, అసలు అలాగే ఉంటుంది. క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టకుండా కనీస మొత్తం కట్టి వదిలేస్తే నెలకు మూడు, మూడున్నర శాతం పైనే పడుతుంది. అంటే మన ఊరి వడ్డీ వ్యాపారి కంటే ఎక్కువ. వడ్డీ లేని ఈఎంఐ అనే మాటనూ నమ్మకండి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజులోనో, రొక్కానికి ఇవ్వాల్సిన తగ్గింపు ఇవ్వకపోవడంలోనో ఆ వడ్డీ దాగి ఉంటుంది. "రొక్కమిస్తే ఎంతకిస్తారు?" అని అడిగి చూడండి, తేడా బయటపడుతుంది.

చీటీలు వేసే అలవాటుంటే రిజిస్టరైన సంస్థలోనే వేయండి. నిర్వాహకుడి కమీషన్ 7 శాతం దాటకూడదని చట్టం చెబుతోంది. తెలిసినావిడే కదా అని నోటిమాట మీద వేసిన చీటీల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ఫోన్‌లోంచి పోయే డబ్బుకు నేను కనిపెట్టుకున్న పద్ధతి ఇది. రెండు బ్యాంకు ఖాతాలు ఉంచుకోండి. జీతం పడే ఖాతాను యూపీఐకి కలపకండి. ప్రతి సోమవారం ఆ వారానికి సరిపడా రెండో ఖాతాలోకి వేసుకుని, దాన్నే ఫోన్‌కు కలపండి. చేతిలోంచి నోటు తీసి ఇస్తే తెలిసే నొప్పి స్కాన్ చేస్తే తెలియదు. కానీ శుక్రవారానికి ఖాతాలో 340 రూపాయలే ఉన్నాయంటే తెలుస్తుంది.

ఎదురు చెప్పగలిగేటంత డబ్బు

మిగిలిన డబ్బుతో ముందు చేయాల్సింది బంగారం కాదు, స్థలం కాదు. "అ" గుర్తున్న ఖర్చులు ఆరు నెలలకు ఎంతవుతాయో లెక్కగట్టి, అంత సొమ్మును వేరే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టండి. ఒక్కో బ్యాంకులో అయిదు లక్షల వరకు డిపాజిట్లకు బీమా ఉంటుంది కాబట్టి భయం లేదు. ఆ తర్వాతే పిల్లల చదువుకో, వయసు మళ్లాక కావాలనో పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) లాంటివి. అది పదిహేనేళ్ల పథకం, ఏడాదికి 500 నుంచి లక్షన్నర వరకు కట్టుకోవచ్చు.

ఆ ఆరు నెలల డబ్బు దేనికి పనికొస్తుందో నాకు 2019లో తెలిసింది. అప్పుడు నేను ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూసేదాన్ని. ఒకరోజు పైనుంచి కొన్ని బిల్లులు వచ్చాయి, తారీఖులు మార్చి మళ్లీ రాయమన్నారు. చేయలేనని చెప్పాను. రెండు వారాలు నానారకాలుగా చెప్పి చూశారు, తర్వాత "ఆలోచించుకోండి" అన్నారు. ఆ రాత్రి నోటుపుస్తకం తీసి డిపాజిట్ ఎంతుందో, నెలకు ఎంత కావాలో చూశాను. ఎనిమిది నెలలకు సరిపోతుంది. పొద్దున రాజీనామా ఇచ్చాను. కొత్త ఉద్యోగం దొరకడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ ఇంట్లో ఒక్క బిల్లూ ఆగలేదు. ఆ కుంకుమ భరిణెలూ, ఆ చీరలూ మానేసిన డబ్బే నా చేత ఆ బిల్లులు మార్చి రాయించనివ్వకుండా కాపాడింది. అందుకే పొదుపును నేను ఇంత గట్టిగా పట్టుకున్నాను.

ఎక్కడ తగ్గించకూడదు

పొదుపుకీ పిసినారితనానికీ మధ్య గీత ఎక్కడుందని చాలామంది అడుగుతారు. నేను వేసుకునే ప్రశ్న ఒకటే: నేను మిగుల్చుకున్న ఈ రూపాయి ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? నా దుబారా తగ్గడం వల్ల వస్తే అది పొదుపు. తోపుడుబండి మీద తోటకూర అమ్మే ఆవిడ దగ్గర అయిదు రూపాయలు లాగేస్తే వచ్చింది ఆవిడ దగ్గర్నుంచి. పనిమనిషికి పండగ డబ్బు ఎగ్గొట్టడం, ఆటో అబ్బాయితో పది రూపాయల కోసం గొడవపడటం, మనం ఎప్పుడూ బిల్లు కట్టకుండా స్నేహితులతో హోటల్‌కి వెళ్లడం, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అలా చేసే బదులు హోటల్‌కి రానని చెప్పి, వాళ్లని ఇంటికి భోజనానికి పిలవండి.

ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్, కాలికి సరిపోయే మంచి చెప్పులు, పళ్ల డాక్టరు దగ్గరికి సమయానికి వెళ్లడం, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, పిల్లలు అడిగే పుస్తకాలు, వీటికి బేరం ఆడకండి. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టడం కూడా ఇందులోదే. మన ఇంట్లో ఏముంటే అదే, పప్పూ పచ్చడైనా సరే, కూర్చోబెట్టి పెట్టండి.

ఇంట్లో ఇద్దరికీ కుదరకపోతే

ఈ పద్ధతి ఒక్కరే మొదలుపెడితే రెండోవాళ్లకి పోలీసు కాపలాలా అనిపిస్తుంది. మా ఆయనకి మొదట్లో నచ్చలేదు. "టీ తాగినా రాయాలా?" అని విసుక్కున్నారు. అప్పుడు ఒక ఏర్పాటు చేసుకున్నాం. నెల మొదట్లో ఇద్దరికీ సమానంగా కొంత డబ్బు, మాకైతే పదిహేను వందలు. దాన్ని ఎవరూ రాయక్కర్లేదు, ఎందుకు ఖర్చుపెట్టావని రెండోవాళ్లు అడగకూడదు. ఆయన పాత రేడియోలు కొని బాగుచేసుకుంటారు. నేను నెలకో మొక్క తెచ్చుకుంటాను. ఆ డబ్బు మీద గొడవ ఒక్కసారీ రాలేదు, నోటుపుస్తకం మీద విసుగూ ఆగిపోయింది. పిల్లలకి పదేళ్లు దాటితే వాళ్లకీ ఇలాగే చిన్న మొత్తం ఇవ్వండి. ముందే అయిపోతే మళ్లీ ఇవ్వకండి.

ఒక నెల రాయడం తప్పిపోతే వెనక్కి వెళ్లి పూరించాలని కూర్చోకండి. ఆ పేజీలు ఖాళీగా వదిలేసి, గుర్తొచ్చిన రోజు నుంచే రాయండి. మా పుస్తకాల్లో శ్రావణమాసం పేజీలు రెండేళ్లు అలా ఖాళీగానే ఉన్నాయి. కొత్త నెల కోసం, కొత్త సంవత్సరం కోసం ఆగక్కర్లేదు. ఇవాళ్టి పాల డబ్బులతో మొదటి వరుస రాయండి.